ఖాళీగా చూపించిన డిస్కు

జనవరి 18, శనివారం

క్లాసులో ఉండగా గుమ్మం దగ్గర ఒకామె వచ్చి నిలబడింది. ఎవరో విద్యార్థి తల్లి అనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే ముప్పై ఏళ్లు కూడా ఉండవు. పేరు నిరోష. మంజీర నది పక్క ఊరు, బీడీలు చేస్తుంది. బోధన్‌లో శ్రీధర్ స్టూడియో ఎక్కడని అడిగితే, అది మూసేసి సారు మస్కట్ పోయిండు, మేడం డిగ్రీ కాలేజీల పాఠాలు చెప్తది అని ఎవరో పంపారట.

"మీ సారు మా పెండ్లి వీడియో తీసిండు మేడం. రెండువేల పదిహేడు, మే నెల. గా వీడియో కావాలె."

ఆమె భర్త వేణు చెరుకు కోతలు కాంట్రాక్టుకు పడతాడు. రెండు ట్రాక్టర్లున్నాయి. ఇప్పుడు అసలు పెళ్లే కాలేదంటున్నాడు. కోతకొచ్చిన పిల్ల, కొన్నాళ్లు మా ఇంట్లో ఉన్నది, అంతే, అని కోర్టులో రాసిచ్చాడు. ఫిబ్రవరి 20న అతనికి ఇంకో పెళ్లి. దాన్ని ఆపమని ఈమె వేసిన పిటిషను అదే నెల 11న నిజామాబాద్ కోర్టులో విచారణకు వస్తుంది. ఆల్బమూ వీడియో రెండూ అతను బావి దగ్గర తగలబెట్టాడు. పెళ్లి చేసిన అయ్యగారు కరోనాలో పోయాడు. రిజిస్టర్ చేయించుకోలేదు.

"మావోళ్లు సాక్ష్యం చెప్తె, మీవోళ్లు మీ దిక్కే చెప్తరు గదా అంటుండ్రు. బయటోళ్లు గావాలె."

వెతుకుతానన్నాను. మా ఆయన శ్రీధర్ డిస్కులు ఇంట్లో బీరువా అడుగున ఉన్నాయి. ఒక మనిషికి ఇంత తేలిగ్గా సాయం చేయగలగడం బాగుందనిపించింది కూడా.

జనవరి 19, ఆదివారం

డిస్కు దొరికింది. మీద శ్రీధర్ చేతిరాత: "2017 ఎండాకాలం. ఎడిటింగ్ కానివి." లాప్‌టాప్‌కు పెట్టాను. ఏదో అడిగింది, మూసేశాను. తర్వాత తెరిస్తే ఖాళీ. ఏడెనిమిదేళ్లుగా రేకుల ఇంట్లో, ఆ ఎండల్లో పడి ఉంది. పాడై ఉంటుంది.

సాయంత్రం మళ్లీ పెట్టి చూశాను. ఖాళీయే.

అది అడిగినప్పుడు నేను క్యాన్సిలే నొక్కాను.

జనవరి 21, మంగళవారం

నిరోషకు ఫోన్ చేసి చెప్పాను.

"ఖాళీ అంటె ఏంది మేడం? సారు తియ్యలేదా?"

"తీశారమ్మా. డిస్కు పాడైంది. ఎండకు."

"ఎండకు పాడైతదా?"

"అవుతుంది."

వెనకాల ఆడవాళ్ల మాటలు, ఆకు కత్తిరించే కత్తెర్ల చప్పుడు. "సరే తియ్యుండ్రి మేడం. మీరేం జేస్తరు" అంది. మనసులో ఏమీ పెట్టుకోకుండా అంది.

క్యాన్సిలే.

జనవరి 24, శుక్రవారం

శ్రీధర్‌కు సెలవు. వీడియో కాల్‌లో చెప్పాను, డిస్కు తెరుచుకోవడం లేదని.

"ఏ కంప్యూటర్‌కు పెట్టినవ్?"

"నా లాప్‌టాప్‌కే."

"అది విండోస్ గదా. ఆ డిస్కు లైనక్స్‌ది నవతా. గిరాకీల పెన్‌డ్రైవులతోని స్టూడియో కంప్యూటర్లకు వైరస్‌లొచ్చి పరేషానైతుంటె దేవన్న వచ్చి లైనక్స్ ఎక్కియ్యలేదా? యాదికి లేదా? దాని రాత వేరే. విండోస్‌కు చదువరాదు. చదువస్తలేదని చెప్పుడు ఇడిచివెట్టి, డిస్కును ఫార్మాట్ చెయ్యుమంటది, పాగల్‌ది." నవ్వాడు. నవ్వడం ఆపి, "నువ్వు చెయ్యలేదు గదా?" అన్నాడు.

"లేదు."

"ఐతె ఫికర్ లేదు. దేవన్నకియ్యి, తీసిస్తడు."

ఫికర్ లేదు.

జనవరి 25, శనివారం

బోధన్ బస్టాండులో ఒకతను ఎదురొచ్చి నమస్తే పెట్టాడు. ఇస్త్రీ చొక్కా, చేతికి దర్గాలో కట్టించుకున్న దట్టీ.

"నేను వేణును మేడం. నిరోష మీతోని మాట్లాడిందంట గదా. మీ డిస్కు ఖాళీగుందంట."

సంచి ఇంకో చేతికి మార్చుకున్నాను.

"మిమ్ముల అబద్ధమాడుమంటలేను. శ్రీధర్ సారు గా ఎండాకాలం తీసినవన్ని దీంట్లనే ఉండాలె, దీంట్ల మాత్రం ఏం లేదు అని ఒక్క కాయితం రాసియ్యుండ్రి. ఉన్న మాటనే గదా."

"పాడైంది."

"పాడైందో, మొదట్నే లేదో, మీకెట్ల ఎరుక మేడం?"

బస్సొచ్చింది. జనం మధ్యలోంచి దారి చేసి, నా సంచి అందుకుని కిటికీ సీటులో పెట్టాడు. అంత మర్యాద. చెరుకు ట్రాక్టర్లు అడ్డం వచ్చి బస్సు ఆగి ఆగి పోతోంది.

నేను ఫోన్‌లో ఆమెకు చెప్పిన మాట నాలుగు రోజుల్లో అతని చేతికి చేరింది. ఆమెకు పనికిరాని మాట అతనికి పనికొస్తోంది.

జనవరి 26, ఆదివారం

జెండా ఎగరేశాక అందరూ వెళ్లిపోయారు. స్టాఫ్ రూములో ఒక్కదాన్నే ఉన్నాను. రాయాలి.

నేను క్యాన్సిల్ నొక్కలేదు.

ఆరేళ్లుగా కాలేజీ పరీక్షల విభాగం నా చేతిలో ఉంది. ఎక్కడెక్కడి నుంచో పెన్‌డ్రైవులు వస్తాయి, సగం వైరస్‌లతో. అందుకని మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం: తెరుచుకోనిది ఏదొచ్చినా ముందు ఫార్మాట్ కొట్టు, తర్వాత వాడు. పంపినవాళ్ల దగ్గర అసలు ఉంటుంది, మళ్లీ పంపుతారు. అటెండర్‌కు కూడా నేనే నేర్పాను. సెమిస్టరుకు యాభై, అరవై. "ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని తెరమీద పడగానే వేలు దానంతటదే వెళ్లిపోతుంది.

దానంతటదే. ఇప్పుడు కూడా వేలి మీదికి తోస్తున్నాను. ఫార్మాట్ చేయనా అని అడిగితే చేయమన్నాను. మొదలుపెట్టు అనే చోట మళ్లీ నొక్కాను. ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని హెచ్చరిస్తే సరేనన్నాను. అంత అడిగింది అది. పాగల్‌ది కాదు.

ఇక్కడ పంపినవాళ్లెవరూ లేరు, మళ్లీ పంపడానికి.

జనవరి 28, మంగళవారం

సెలవు పెట్టి పాలిటెక్నిక్‌కు వెళ్లాను. దేవన్న అక్కడ కంప్యూటర్ లెక్చరర్, శ్రీధర్ స్నేహితుడు. మొహమాటం లేని మనిషి. డిస్కు పెట్టి రెండు నిమిషాలు చూశాడు.

"ఇది విండోస్ డిస్కయి కూసున్నది వదినె. ఎవలో ఫార్మాట్ కొట్టిండ్రు. శ్రీధరా?"

ఔననడం ఎంత తేలిక. ఉన్నది మస్కట్‌లో, కాదనడానికి ఎదురుగా లేడు.

"నేనే" అన్నాను.

దేవన్న నన్ను చూడలేదు, తెరనే చూస్తున్నాడు. "కొట్టినంక దీంట్ల ఏమన్న కాపీ చేసిండ్రా?"

"లేదు."

"ఐతె బతికినం. విండోస్ పైపైన తన పట్టిక రాసుకున్నది, గంతే. కింద సామాను చానా మటుకు అట్లనే ఉంటది. లైనక్స్ రాతల ఇంకో మంచి గుణముంది. ఏ సామాను ఎక్కడున్నదో చెప్పే పట్టికకు నకళ్లు తీసి డిస్కు నిండ అక్కడక్కడ దాసుకుంటది. ముందరున్నది పోయింది. లోపటి నకలు ఏదన్న ఒకటి చదివితె దారి దొరుకుతది. కని విండోస్ సామాను ఎక్కడ కూసున్నదో, అక్కడివి మాత్రం ఇగ రావు."

"ఏవి పోయినట్టు?"

"గది నాకెట్ల ఎరుక? తీస్తెనే."

అసలు డిస్కును ముట్టనన్నాడు. ముందు దానికి పూర్తి నకలు తీసి, పని అంతా నకలు మీదే చేస్తాడట. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం చేశాడో ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. "కోర్టు పని గదా" అన్నాడు.

జనవరి 30, గురువారం

మొదట దొరికిన నకలు పట్టిక చదవలేదట. రెండోది చదివింది. దేవన్న మెసేజ్: "ఉన్నయ్."

ఫిబ్రవరి 2, ఆదివారం

నిన్నా ఇవాళా దేవన్న ల్యాబులోనే. ఫోల్డర్లు పోయాయి, పేర్లు పోయాయి. పదకొండు వందల ముక్కలు, ఒక్కోదానికి ఒక అంకె. అన్నీ తెరిచి చూడాలి. పసుపు మొహాలు, బ్యాండు ముందు చిందులు, కెమెరా చూసి కొంగు సర్దుకునే అత్తలు, తింటూ దొరికిపోయి నమలడం ఆపేసిన పెద్దమనుషులు. ఆ వేసవి పెళ్లిళ్లన్నీ కలగలిసి, ఒకరి ఎదుర్కోళ్లు, ఇంకొకరి అప్పగింతలు.

ఇవాళ మధ్యాహ్నం మూడింటికి తెరమీదికి నిరోష వచ్చింది. సన్నగా, భుజాలు ముడుచుకుని. పక్కన బాసింగం కట్టుకున్న వేణు. కాళ్లు కడిగారు. జీలకర్ర బెల్లం పెట్టారు. తర్వాతి ముక్క తెరుచుకోలేదు. మళ్లీ మళ్లీ నొక్కాను.

"ఇగ ఊకోండ్రి వదినె" అన్నాడు దేవన్న. "విండోస్ వచ్చి కూసున్నది గిక్కడనే."

పుస్తె కట్టిన ముక్క అది. పదకొండు వందల్లో పోయినవి ముప్పయ్యో నలభయ్యో. వాటిలో అది ఒకటి.

దాని తర్వాతిది తెరుచుకుంది. మొదట కెమెరా కిందికి చూస్తోంది: చాప, ఎవరివో కాళ్లు, నల్ల వైరు. శ్రీధర్ గొంతు: "పుస్తె అయింది, మంచిగొచ్చింది. ఇగ తలంబ్రాలు. లైటు పైకెత్తు నవతా."

ఒక ఆడగొంతు: "వైరు సాలుతలేదు."

నా గొంతు.

దేవన్న ఆపేసి నా వైపు తిరిగాడు. శ్రీధర్‌కు అదొక అలవాటు, ముక్క మొదట్లో అయిందేమిటో, అవాల్సిందేమిటో తనలో తాను చెప్పుకుంటాడు. ఎడిటింగ్‌లో అవన్నీ తీసేసి పాట వేసేవాడు. తగలబెట్టిన వీడియోలో ఈ మాటలు ఉండి ఉండవు. ఎడిట్ కాని ఈ ముక్కలోనే ఉన్నాయి.

తర్వాత కెమెరా లేచింది. నిరోష మెడలో పసుపుతాడు, పుస్తె. వేణు రెండు చేతులా బియ్యం ఎత్తి ఆమె తలమీద పోస్తూ నవ్వుతున్నాడు.

ఆ వేసవిలో లైటు పట్టే మనిషి మానేస్తే నెల రోజులు నేనే వెళ్లాను. అది గుర్తుంది. ఈ పెళ్లి గుర్తులేదు. మూడు గజాల దూరంలో నిలబడి ఆ పిల్ల ముఖం మీద వెలుగు వేశాను, ఆ ముఖం గుర్తులేదు.

బయటివాళ్లు కావాలన్నది. కాలేజీ గుమ్మంలో నిలబడి, నాతోనే.

ఫిబ్రవరి 4, మంగళవారం

నిరోష వకీలు సుమన. చిన్న వయసు, చురుకు. వీడియో చూసి కుర్చీలోంచి లేచింది. తర్వాత ఒక ఫారం నా ముందు పెట్టింది. వీడియోతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలట, డిస్కు ఎవరి దగ్గర ఉందో వాళ్లు ఒక భాగం, కంప్యూటర్ పని తెలిసినవాళ్లు ఒక భాగం. రెండోది దేవన్న రాస్తాడు.

"డిస్కు మీ దగ్గరనే భద్రంగున్నది, మంచిగ పనిచేసింది, మార్పులేం జరగలే. గిక్కడ సంతకం మేడం."

"జరిగింది కదా."

"ఫార్మాట్ సంగతి రాస్తె ఎదుటి వకీలుకు పండుగే. మీరే చెరిపి మీరే తయారు చేసిండ్రు అంటడు. అడగందానికి చెప్పుడెందుకు?"

"అడిగితే?"

"ఎందుకడుగుతడు? ఆయనకేం ఎరుక?"

ఎరుకే. డిస్కు ఖాళీ అని వేణుకు తెలుసు, నా వల్లే తెలిసింది. ఆ మాట సుమనకు చెప్పాను. పెన్నుతో బల్లమీద కొట్టుకుంటూ ఆలోచించింది. "గాలి మాట. కాయితం మీద లేదు గదా" అంది చివరికి.

నిరోషకు నేనే చెప్తానని ఫారం ఇంటికి తెచ్చుకున్నాను. అబద్ధం రాసి దొరికిపోతే కేసు పోతుంది. దొరక్కపోతే నిలుస్తుంది. నిజం రాస్తే నా మనసు తేలికవుతుంది, వీడియో చెల్లకుండా పోవచ్చు. నా మనసు తేలిక కావడానికి ఖర్చు ఆమె పెట్టుకోవాలా? ఇలా ఆలోచించడం ఆమె మీద దయా, సంతకం దగ్గర నా భయమా? తేల్చుకోలేకపోతున్నాను.

ఫిబ్రవరి 6, గురువారం

నిరోష ఊరికి వెళ్లాను. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. వాళ్లమ్మ ముత్తవ్వ నాకు కుర్చీ వేసింది. వీడియో దొరికిందని చెప్పాను. మొహం వెలిగింది. అప్పుడు మిగతాది చెప్పాను. ఫార్మాట్ కొట్టింది నేనేనని, పుస్తె ముక్క పోయింది నా వల్లేనని. ఆమె వేళ్లు ఇంకో రెండు బీడీలు చుట్టి ఆగాయి.

"నాతోని ఎండకన్నరు."

"అబద్ధం చెప్పాను."

"గా మాట వట్టుకొని ఆడు ఊరంత తిరుగుతుండు మేడం. ఖాళీ డిస్కు, ఖాళీ పెండ్లి అని నవ్వుతుండ్రు. నీళ్లకు నల్లకాడికి వోవుడు బంద్ వెట్టిన."

ముత్తవ్వ లోపలి నుంచి, "చాయ్ వెట్టాల్నా వద్దా?" అంది.

"ఆ రోజు లైటు పట్టుకుంది నేనే" అన్నాను.

"అయ్యుంటిరి. లైటు కండ్లల్ల వడుతుంటె ఎనుకున్నోళ్లు కనవడ్తరా?"

ధ్రువపత్రం సంగతి మొత్తం చెప్పి, "ఏది రాయమంటే అది రాస్తాను నిరోషా. నీ కేసు. నువ్వు చెప్పు" అన్నాను.

చాట తీసి పక్కన పెట్టింది. "గిది గూడ నేనే చెప్పాల్నా? నా పెండ్లైంది అని నేను నిజమే చెప్తున్న. మీరు మీ నిజం చెప్తరో, మాయ జేస్తరో, గది మీ ఇష్టం. రేపొద్దున ఏదన్నైతె నిరోషనే రాయుమన్నది అంటరా?"

అనేదాన్నే. అందుకే అడిగాను. బస్సులో తెలిసింది.

చాయ్ తాగకుండానే వచ్చాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

శ్రీధర్‌కు చెప్పాను.

"చెయ్యలేదన్నవ్ గదా."

"అన్నాను."

తల దించుకున్నాడు. తర్వాత, "దాంట్ల నా గొంతు సక్కగ వినవడ్తుందా?" అన్నాడు.

ఫిబ్రవరి 10, సోమవారం

రాసి సంతకం పెట్టాను. ఫార్మాట్ కొట్టిన తేదీ, పాడైందని నిరోషకు అబద్ధం చెప్పిన తేదీ, దేవన్నకు ఇచ్చిన తేదీ. సుమన రెండుసార్లు చదివింది. "సరే మేడం. ఇగ దీంతోనే కొట్లాడాలె" అంది.

ఫిబ్రవరి 11, మంగళవారం

వేణు వకీలు పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడతాడు.

"ఈ డిస్కు ఖాళీగా ఉందని మీరే అన్నారు కదమ్మా?"

"అన్నాను. అది అబద్ధం. రెండో పేజీలో రాశాను."

పేజీ తిప్పాడు. ఆ ప్రశ్న వెనక ఇంకా చాలా ప్రశ్నలు పేర్చుకుని వచ్చినట్టున్నాడు, వాటిని కాసేపు వెతుక్కున్నాడు. "పుస్తె కట్టిన భాగం ఏదీ?"

"నేను చేసిన ఫార్మాట్‌లో పోయింది."

"లేనే లేనిదాన్ని పోయిందని చెప్పడం తేలికే కదా?"

సుమన తలంబ్రాల ముక్క మళ్లీ పెట్టించింది. కోర్టు హాల్లో శ్రీధర్ గొంతు వినిపించింది. పుస్తె అయింది, మంచిగొచ్చింది.

జడ్జిగారు తలెత్తారు. "ఎవరీ నవత?"

"నేనేనండి. లైటు పట్టుకున్నాను."

"అయితే పుస్తె కట్టడం మీరు చూశారు."

ఔనంటే అయిపోయేది. సుమన నా పెదవుల వంకే చూస్తోంది. నిరోష నేలను చూస్తోంది. చూసే ఉంటాను. చూడకుండా లైటు ఎలా వేస్తాను?

"ఆ క్షణం నాకు గుర్తులేదు సార్. రోజుకు రెండు పెళ్లిళ్లకు వెళ్లేవాళ్లం. వైరు చాలక ముందుకు జరగడం గుర్తొచ్చింది, అదీ ఈ వీడియో చూశాకే. అందులో ఉన్నది నా గొంతు. ఆమె మెడలో పుస్తె కనిపిస్తోంది. అంతకుమించి చెబితే అది కల్పించినట్టే అవుతుంది."

సుమన కళ్లు మూసుకుంది.

జడ్జిగారు ఏదో రాసుకున్నారు. రాసుకుని వేణు వైపు తిరిగారు. "బాసింగం కట్టుకున్నది నువ్వేనా?"

వేణు తన వకీలును చూశాడు. తెరమీద వేణు బియ్యం పోస్తూ నవ్వుతున్నాడు.

"నేనే సార్. కని గది… ఊకనే, మజాకుకు…"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. వాళ్ల వకీలు అతని మోచేయి పట్టుకుని లాగాడు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఉత్తర్వు వచ్చింది. అసలు కేసు తేలేదాకా వేణు ఇంకో పెళ్లి చేసుకోకూడదు. డిస్కును ల్యాబులో పరీక్ష చేయించాలి. సాక్షి తనకు నష్టం కలిగే సంగతి కూడా దాచకుండా చెప్పిందని అందులో ఒక వాక్యం ఉందట. సుమన ఆ వాక్యం చదివి వినిపించింది. నాకు సంతోషం వేయలేదు. పుస్తె ముక్క ఉండి ఉంటే ఆ వాక్యంతో అవసరమే ఉండేది కాదు.

నిరోష, నేను బస్టాండు దాకా నడిచాం. బోధన్ బస్సు దగ్గర నేనే అడిగాను, కేసు గెలిస్తే మళ్లీ ఆ ఇంటికి వెళ్తావా అని.

నన్ను వింతగా చూసింది. "ఆనింటికా? ఎందుకు?"

"మరి ఇదంతా…"

"పెండ్లే కాలేదంటుండు గదా మేడం. కాని పెండ్లికి ఇడుపు కాయితం ఎట్లియ్యొస్తది? ముందుగాల అయిందని కోర్టే రాసియ్యాలె. గప్పుడు నేను ఇడిచిపెడ్త ఆన్ని."

కండక్టర్ విజిల్ వేశాడు. ఒక చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకుని మెట్టెక్కింది.